జాషువాకు పట్టా ఎందుకు అవసరమైంది?

గుర్రం జాషువా జీవితాన్ని తలచుకున్నప్పుడు మనకు ముందుగా గుర్తుకు వచ్చేవి గబ్బిలం, ఫిరదౌసి, కాలికి తొడిగిన గండపెండేరం, చివరి దశలో దక్కిన పద్మభూషణ్. ఆయన జీవితచరిత్రల్లో ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టే విషయం మరొకటి ఉన్నది. పెళ్ళయి, సంసార భారం మోస్తూ, బడిపంతులుగా జీతం తెచ్చుకుంటున్న రోజుల్లో ఆయన మళ్ళీ విద్యార్థి అయ్యాడు. ఉభయ భాషా ప్రవీణ పరీక్షకు చదివి ఉత్తీర్ణుడయ్యాడు. అప్పటికే పద్యం ఆయన చేతిలో పనిముట్టులా ఒదిగి ఉన్నది. కవిత్వం రాయడానికి ఆయనకు ఏ పట్టా అక్కరలేదు. అయినా ఆయన ఆ కాగితం కోసం ఎందుకు శ్రమించాడు? ఈ ప్రశ్నకు సమాధానం వెతికితే ఒక కవి పట్టుదలతో పాటు, కులం మన విద్యావ్యవస్థలో ఎలా పని చేసిందో, నేటికీ ఎలా పని చేస్తున్నదో తెలుస్తుంది.

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో జన్మించాడు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ కుటుంబానికి చెందినది. క్రైస్తవ కుటుంబమే అయినా ఊరి దృష్టిలో ఆ బిడ్డ అంటరానివాడే. మతం మారినంత మాత్రాన కులం వదలదని ఆయన పాఠ్యపుస్తకాల ద్వారా నేర్చుకోలేదు, వీధిలోను బడిలోను నేర్చుకున్నాడు. బాల్యంలో బొమ్మలు గీయడం, పాటలు పాడడం ఇష్టం. బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాంగత్యంలో పద్యం మీద మక్కువ పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. ఒక అంటరాని యువకుడికి సంస్కృత కావ్యపాఠం చెప్పిన ఆ గురువును కూడా ఇక్కడ గౌరవంగా స్మరించుకోవాలి. అయితే ఒక మంచి గురువు దొరకడం అదృష్టం మాత్రమే, హక్కు కాదు.

వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో యువకుడైన జాషువా పద్యాలు చదివాడు. పద్యంలో యతి తప్పిందని గాని ప్రాస చెడిందని గాని ఎవరూ ఆక్షేపించలేదు. ఇతడిని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు ఆగ్రహించారు. పద్యం విన్న చెవులు కవి కులం తెలియగానే మూసుకుపోయాయి. సభ అనేది పాండిత్యాన్ని తూచే చోటని చెప్పుకునే సమాజంలో, ఆ త్రాసులో ముందుగా పడేది పుట్టుక అని ఆనాడు ఆయనకు అర్థమైంది.

1910లో మేరీతో వివాహం జరిగింది. అప్పటికి ఆయనకు పదిహేనేళ్ళు. తరువాత మిషనరీ పాఠశాలలో ఉద్యోగం దొరికింది, జీతం నెలకు మూడు రూపాయలు. ఆ ఉద్యోగమూ నిలువలేదు. బతుకుతెరువు వెతుక్కుంటూ ఆయన గోదావరి గట్టుకు చేరుకున్నాడు. 1915-16 సంవత్సరాల్లో రాజమహేంద్రవరంలో సినిమా వాచకుడిగా పని చేశాడు.

ఆ పని ఎలాంటిదో నేటి తరానికి కొంత వివరించాలి. అవి మాటలు రాని సినిమాల రోజులు. తెర మీద బొమ్మలు కదులుతుంటే, ఒక మనిషి తెరవెనుక గాని పక్కన గాని నిలబడి కథ చెప్పాలి, పాత్రల తరఫున సంభాషణలు పలకాలి. ప్రేక్షకుడికి బొమ్మ ఎంత ముఖ్యమో వాచకుడి గొంతూ అంత ముఖ్యం. చీకటి నిండిన ఆ శాలలో తెలుగు మాటను పదిమందికి వినిపించి, నవ్వించి, కంటతడి పెట్టించే పని జాషువాకు జీవనోపాధి అయింది. ఇక్కడ ఒక విషయం ఆలోచించదగినది. వెలుతురున్న సభలో ఏ గొంతును కులం పేరిట గెంటివేశారో, చీకటిశాలలో అదే గొంతును జనం టిక్కెట్టు కొని విన్నారు. ముఖం కనబడని చోట, పేరు అడగని చోట ప్రతిభకు అడ్డు లేకపోయింది. కాని అటువంటి గుర్తింపుకు ఆయుష్షు తక్కువ. దీపాలు వెలిగితే అది ముగిసిపోతుంది. గొంతు జనానిది అవుతుంది, మనిషి మళ్ళీ తన పేటకు చేరుకోవలసిందే.

ఆనాటి రాజమహేంద్రవరం విద్యకు పెట్టింది పేరు. ఆర్ట్స్ కళాశాల, ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అక్కడ ఉన్నాయి. కందుకూరి వీరేశలింగం ఇంకా జీవించి ఉన్నాడు. చూపు మందగించినా కలం ఆపని చిలకమర్తి లక్ష్మీనరసింహం 1909లో అంటరాని కులాల పిల్లల కోసం రామమోహన పాఠశాల ప్రారంభించాడు. కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాల అధ్యక్షుడిగా రఘుపతి వేంకటరత్నం నాయుడు ఉన్నాడు. పిఠాపురం మహారాజా అండతో అణగారిన కులాల విద్యార్థులకు అక్కడ వసతిగృహం ఏర్పడింది. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పందొమ్మిదో శతాబ్దపు మొదటి భాగం నుంచే మిషనరీలు మాల, మాదిగ పేటలకు అక్షరాలు చేర్చే ప్రయత్నం చేశారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టా పొలాలకు నీళ్ళు పారించింది. ఆ నీటితో పండిన సంపదలో చెమటోడ్చిన పేటల వాటా ఎంతో చెప్పనక్కరలేదు. పొలానికి కాలువ వచ్చినంత వేగంగా పేటకు బడి రాలేదు. వచ్చిన ఆ కొద్ది బళ్ళూ పిల్లల కోసం వచ్చాయి. చిన్ననాడు చదువు దొరకనివాడు, దొరికినా మధ్యలో ఆగినవాడు, పెద్దవాడై కూలికో కొలువుకో పోతున్నవాడు మళ్ళీ చదవాలనుకుంటే ఏ తలుపు తట్టాలి? సంస్కరణకు పుట్టినిల్లు అనిపించుకున్న గోదావరి సీమ కూడా ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. పట్టాలు పంచే పట్టణంలో పట్టా లేని యువకుడు చీకట్లో నిలబడి కథలు చదవవలసి రావడం ఆ లోటుకు గుర్తు.

అదే పట్టణంలో, అదే కాలంలో మరొక దళిత యువకుడు పెరుగుతున్నాడు. అతడే కుసుమ ధర్మన్న. తరువాతి కాలంలో ఆయుర్వేద వైద్యుడిగా, కవిగా, జయభేరి సంపాదకుడిగా, ఆది ఆంధ్ర ఉద్యమ నాయకుడిగా పేరు తెచ్చుకున్నాడు. తెల్లదొరతనం పోవాలని దేశం నినదిస్తున్నప్పుడు, నల్లదొరతనం మాటేమిటని నిలదీసినవాడు ధర్మన్న. ఆయనా జాషువా ఇద్దరూ శాస్త్రాన్ని, పాండిత్యాన్ని చేతికి తీసుకున్నారు. తమకు నిషేధించిన దానిలోనే ప్రావీణ్యం సంపాదించడం ఆ తరం దళిత మేధావులు ఎంచుకున్న పోరాట మార్గాల్లో ఒకటి.

రాజమహేంద్రవరం విడిచి జాషువా గుంటూరు చేరాడు. లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళ పాటు ఉపాధ్యాయుడిగా ఉన్నాడు. అనగా రేపటి పంతుళ్ళకు పాఠం చెప్పే పంతులు. అక్కడ పనిచేసే కాలంలో కావ్యరచన సాగింది. హిందూ పురాణ కథలను పద్యాల్లో రాస్తున్నాడని క్రైస్తవ సమాజంలోని కొందరు నిష్ఠూరమాడారు. అంటరానివాడు పురాణం రాయడమేమిటని సవర్ణ సమాజంలోని కొందరు ఈసడించారు. రెండు వైపుల నుంచీ ప్రశ్న ఒక్కటే: దీన్ని రాయడానికి నీకేమి అర్హత?

అర్హత అన్న ఆ మాట దగ్గరే పట్టా ప్రసక్తి వస్తుంది. అగ్రవర్ణ పండితుడికి అర్హతను ఇంటిపేరు, గోత్రం, గురుపరంపర ముందే ఇచ్చి పెట్టేవి. పరీక్ష రాయకపోయినా ఆయన శాస్త్రిగారే. విశ్వవిద్యాలయపు పట్టా వస్తే అది ఉన్న గౌరవానికి మరొక అలంకారం. అంటరాని కవి విషయంలో లెక్క తిరగబడుతుంది. అతడి పాండిత్యాన్ని సభ ఒప్పుకోదు, సంఘం ఒప్పుకోదు, ఇంటిపేరు సహాయపడదు. రాజముద్ర ఉన్న ఒక కాగితం తప్ప అతడి తరఫున సాక్ష్యం చెప్పేవారు లేరు. పైగా పరీక్షకు ఒక సుగుణం ఉన్నది. జవాబు పత్రం మీద అంకె ఉంటుంది. దిద్దేవాడికి అక్షరం కనబడుతుంది గాని ఆ అక్షరం రాసిన చేయి ఏ పేటదో కనబడదు. రాజమహేంద్రవరపు చీకటిశాలలో గొంతుకు దొరికిన స్వేచ్ఛే ఇక్కడ కలానికి దొరికింది. తేడా ఏమిటంటే, ఈ గుర్తింపు దీపాలు వెలిగాక కూడా నిలుస్తుంది.

ఉభయ భాషా ప్రవీణ అంటే తెలుగు, సంస్కృతం రెండింటిలోనూ ప్రావీణ్యం నిరూపించుకోవాలి. రెండు భాషల కావ్యాలు, వ్యాకరణం, ఛందస్సు, అలంకారశాస్త్రం చదవాలి. పగలంతా బడిలో పాఠాలు చెప్పి, ఇల్లు గడిపే బాధ్యత మోస్తున్న మనిషికి ఇది చిన్న పని కాదు. అందులోనూ సంస్కృతం. ఏ భాష చెవిన పడితేనే పాపమని తన పూర్వీకులను దూరం పెట్టారో, ఆ భాషలో ప్రవీణుడనిపించుకోవడం. ఇదే కాలంలో బొంబాయి రాష్ట్రంలో అంబేడ్కర్ అనుభవాన్ని దీని పక్కన పెట్టి చూడవచ్చు. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో సంస్కృతం చదువుకునే అవకాశం ఆయనకు ఇవ్వలేదు, పారశీకం తీసుకోవలసి వచ్చింది. సంస్కృతాన్ని తరువాత స్వయంకృషితో పట్టుకున్నాడు. ఆర్థిక ఇబ్బందుల్లో సిడెనహామ్ కళాశాలలో ఆచార్యుడిగా పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో 1920లో మళ్ళీ లండన్ వెళ్ళి ఆగిపోయిన చదువు పూర్తి చేశాడు. 1923లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా అందుకున్నాడు. ఇద్దరి స్థాయి, రంగం వేరు. కాని కొలువు చేస్తూనో, కొలువు విడిచో మళ్ళీ విద్యార్థి కావలసిన అగత్యం ఇద్దరికీ ఒకటే. చదువుకునే వయసులో దారికి అడ్డం పెట్టిన రాళ్ళను పెద్దయ్యాక తమ భుజాలతోనే తొలగించుకోవలసి రావడం ఈ దేశపు దళితులకు సామాన్యానుభవం.

1928 నుంచి 1942 వరకు జాషువా గుంటూరులో తెలుగు పండితుడిగా పనిచేశాడు. ఆ రోజుల్లో పాఠశాలల్లో భాషా పండితులకు ఇంగ్లీషు చదివిన పట్టభద్ర ఉపాధ్యాయుల కంటే జీతమూ మర్యాదా తక్కువే. అయినా మూడు రూపాయల జీతం మీద బతికినవాడికి, తెరపక్కన నిలబడి పొట్ట పోసుకున్నవాడికి అది కాళ్ళ కింద గట్టి నేల. ఈ పద్నాలుగేళ్ళు తెలుగు సాహిత్యానికి ఏమి ఇచ్చాయో చూడండి. 1932లో ఫిరదౌసి, 1934లో అనాథ, 1941లో గబ్బిలం వచ్చాయి. మాట ఇచ్చి తప్పిన సుల్తాను వల్ల, ఏళ్ళ తరబడి రాసిన కావ్యానికి తగిన ప్రతిఫలం అందుకోలేకపోయిన పారశీక కవి కథ ఫిరదౌసి. శ్రమకు తగిన విలువ దక్కని మనిషి వేదన జాషువాకు పుస్తకాల ద్వారా తెలిసినది కాదు.

గబ్బిలం విషయం మరింత లోతైనది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపితే, జాషువా కథానాయకుడైన అంటరానివాడు గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుడి వద్దకు దూతగా పంపుతాడు. తనకు ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం ఉన్నది. ఈ ఊహ పుట్టడానికి మేఘసందేశం అక్షరమక్షరం తెలిసి ఉండాలి. సందేశకావ్య సంప్రదాయం మీద పట్టు లేనివాడు దాన్ని తలకిందులు చేయలేడు. పరీక్షాధికారి అడిగిన శాస్త్రాన్ని జాషువా పరీక్ష కోసం మాత్రమే వాడుకోలేదు. ఏ సంప్రదాయం తనను గుమ్మం బయట నిలబెట్టిందో, ఆ సంప్రదాయపు ఛందస్సులోనే, దాని అలంకారాలతోనే దాన్ని నిలదీశాడు. పద్యం రాదు కాబట్టి విమర్శిస్తున్నాడని అనే అవకాశం ఎవరికీ లేకుండా చేశాడు. చదువు ఆయనకు ఉద్యోగమూ ఇచ్చింది, ఆయుధమూ ఇచ్చింది.

అలాగని పట్టా అన్నిటినీ మార్చిందని చెప్పడం సత్యదూరమవుతుంది. పండిత పదవిలో ఉన్నా, కావ్యాలు పాఠకుల నోళ్ళలో నానుతున్నా, కులం గురించిన ఆరా ఆయనను వెంటాడుతూనే వచ్చింది. గోదావరి తీరపు కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి తన వృద్ధాప్యంలో జాషువా కాలికి స్వయంగా గండపెండేరం తొడిగి, ఆ పాదం తాకడం తన భాగ్యంగా భావించాడు. తిరుపతి వేంకట కవుల్లో ఒకడిగా అవధాన విద్యకు ఆంధ్రదేశమంతటా ప్రతిష్ఠ తెచ్చిన పండితుడు ఆయన. అవధాన సభలో మొదలైన అవమానానికి అవధాన విద్యలో అగ్రగణ్యుడే ప్రాయశ్చిత్తం చేసినట్లయింది. అది గొప్ప ఘట్టమే. కాని ఒక మహానుభావుడి ఔదార్యం మీద ఆధారపడిన గౌరవం అందరికీ అందదు. చెళ్ళపిళ్ళ వంటివారు ఎదురుపడని వేలమంది దళిత విద్యావంతుల సంగతి ఏమిటి? వారికి అండగా నిలవవలసినవి చట్టం, సంస్థ, వాటి చేతి మీదుగా వచ్చే పత్రం.

తరువాతి జీవితం వేగంగా సాగింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడిగా, 1957-59 మధ్య మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశాడు. 1964లో శాసనమండలి సభ్యత్వం లభించింది. అదే ఏడాది క్రీస్తు చరిత్ర కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. ఒకనాడు కూర్చుని పరీక్ష రాసి సంపాదించుకోవలసి వచ్చిన పట్టా, డెబ్బై అయిదేళ్ళ వయసులో పరీక్ష లేకుండా ఇంటికి నడిచి వచ్చింది. మరుసటి ఏడాది 1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూశాడు. గుర్తింపు వచ్చింది గాని, దాన్ని అనుభవించే కాలం మిగలలేదు.

జాషువా తరువాతి తరంలో కోనసీమలోని మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న పట్టభద్రుడై, ఉపాధ్యాయ శిక్షణ పట్టా కూడా పొందాడు. 1975లో ఆయన కవితాసంపుటి గుడిసెలు కాలిపోతున్నైకి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక తరం తేడాలో దారి కొంత వెడల్పయిందనడానికి ఇది నిదర్శనం. అయితే ఆ దారి అందరి వాకిలి ముందుకూ వచ్చిందా?

నేటి గోదావరి జిల్లాల్లోని పేటలను చూడండి. రొయ్యల శుద్ధి కేంద్రాల్లో పనిచేసే మహిళలు, కొబ్బరి వలుపు కూలీలు, కౌలు రైతులు, చిన్న ప్రైవేటు కొలువుల్లో ఉన్నవారు ఎందరో పదో తరగతి దగ్గరో, అంతకు ముందో చదువు ఆపినవారు. వారిలో ఎందరికో మళ్ళీ చదవాలన్న కోరిక ఉన్నది. విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వయసు వారికి మాత్రమే వర్తిస్తుంది. ఆ వయసు దాటినవారికి చదువు హక్కు కాదు, వారి తంటా. 1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, తరువాత దానికి అంబేడ్కర్ పేరు పెట్టినప్పుడు, ఈ లోటు పూడ్చే ఆశయం ఆ సంస్థలో కనిపించింది. బడి మెట్లు ఎక్కని పెద్దవారికి సైతం అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించడం సామాన్యమైన సంస్కరణ కాదు. జాషువా వంటివారి కోసమే ఆ తలుపు తెరిచినట్లున్నది.

ఆ తలుపులోంచి వచ్చిన పట్టాను సమాజం ఎలా చూస్తున్నది? దూరవిద్య డిగ్రీ అనగానే పెదవి విరిచేవారు మన చుట్టూ ఉన్నారు. రెగ్యులర్‌గా చదివారా అని అడిగే ప్రశ్న వెనుక, చదువుకునే వయసులో నీవు ఎక్కడున్నావన్న ఎత్తిపొడుపు దాగి ఉన్నది. చదువుకునే వయసులో అతడు పొలంలో ఉన్నాడు, ఆమె చెరువు గట్టు మీద ఉన్నది. వారు అక్కడ ఉండడం వారి ఎంపిక కాదు. పట్టా వట్టి కాగితం, అసలైనది జ్ఞానం అనే సుభాషితం కూడా తరచు వినిపిస్తుంది. తరతరాలుగా ఇంటిపేరునే పట్టాగా వాడుకున్నవారు చెప్పగలిగిన మాట అది. జ్ఞానం ఉండీ కాగితం లేక సభ నుంచి గెంటివేతకు గురైనవారికి ఆ కాగితం విలువ తెలుసు. కాగితం చూపించాక కూడా ఎవరి తాలూకు అని అడిగే సమాజంలో, కాగితం సైతం లేకపోతే వారి గతి ఏమిటో వేరే చెప్పాలా?

కాబట్టి జాషువాను స్మరించుకునే రోజున విగ్రహానికి దండ వేయడంతో మన బాధ్యత తీరదు. పనిచేస్తూ చదువుకునే పెద్దల కోసం మండల కేంద్రాల్లో సాయంకాలపు తరగతులు కావాలి. కూలి పోగొట్టుకోకుండా పరీక్ష రాసే వీలు కావాలి. దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పెద్ద విద్యార్థులకు పరీక్ష రుసుము భారం తొలగాలి. నడివయసులో సంపాదించిన పట్టాకు ఉద్యోగంలోను, పదోన్నతిలోను చిన్ననాటి పట్టాతో సమానమైన విలువ ఉండాలి. ఇవేవీ దయాధర్మాలు కావు. సకాలంలో ఇవ్వవలసిన దాన్ని ఇవ్వనందుకు సమాజం ఆలస్యంగా చెల్లించే బాకీ.

రాజమహేంద్రవరపు చీకటిశాలలో వినిపించిన ఆ గొంతు వెలుతురులో తన పేరుతో నిలబడడానికి కావ్యాలతో పాటు ఒక పరీక్షను కూడా గెలవవలసి వచ్చింది. ఆ శ్రమ ఆయనను ఉన్నతుడిని చేసిందని మనం గర్విస్తున్నాం. ఆ శ్రమను ఆయన మీద రుద్దిన వ్యవస్థ ఇంకా కూలలేదన్న సంగతిని ఆ గర్వం మరిపించకూడదు.

(సెప్టెంబర్ 28 గుర్రం జాషువా జయంతి)